నీరుకట్టె ఒప్పుకున్న సీన్లు

6 ఏప్రిల్ 1992

ఉగాదినాడే డైరీ మొదలుపెడదామనుకున్నాను. రెండు రోజులు బద్ధకించాను. ఏడాదంతా ఇలాగే ఉంటుందేమో.

కాకినాడ నుంచి ప్రిన్సిపాల్ గారి ఉత్తరం వచ్చింది. నేను వదిలేసి వచ్చిన జువాలజీ లెక్చరర్ పోస్టు జూన్ పదిహేను దాకా నాకోసం ఖాళీగా ఉంచుతారట. ఆ తర్వాత ఇంకొకర్ని తీసుకుంటారట. లీల ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది.

"ఆరు సినిమాలు రాశారు. ఆరింటిలోనూ తెరమీద మీ పేరు లేదు. ఏడోదాంట్లో కూడా లేకపోతే నేను పెట్టె సర్దేస్తానండీ. కాకినాడ మీరొస్తే ఇద్దరం వెళ్దాం, రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను," అంది. అరవలేదు. చారుకి పోపు వేస్తూ చెప్పింది. అరిచినా బాగుండేది.

ఏడోదాంట్లో ఉంటుంది. ప్రొడ్యూసర్ వీరరాఘవయ్య గారు మాట ఇచ్చినట్టే. ఇవ్వలేదు గాని, అడిగినప్పుడు ఇచ్చేవాడిలాగే తల ఊపారు.

9 ఏప్రిల్

కథా చర్చలు మొదలు. మధురానగర్ నుంచి బస్సు, చెక్‌పోస్టు దగ్గర దిగి ఎండలో నడక. పక్కనుంచి కార్లు పోతుంటే నేనూ షూటింగుకి ఆలస్యమైనవాడిలా వాచీ చూసుకుంటూ నడిచాను.

ఫిల్మ్‌నగర్ వైపు వీరరాఘవయ్య గారి గెస్ట్‌హౌస్. వెనకంతా బండలు. ఎప్పుడో రాయి కొట్టిన గుంటలో నీళ్ళు నిలిచి చిన్న కొలనైంది. ఆయన భార్య శేషారత్నం గారు అందులో తామరలు వేయించారు. చల్లగా ఉంటుందని కుర్చీలు అక్కడే వేశారు. పడక్కుర్చీ మాత్రం వెంకటరామయ్య గారిది. పెద్ద రచయిత, నలభై ఏళ్ళ అనుభవం. కొన్నేళ్ళుగా పేరు ఆయనది, రాత నాది. పరిశ్రమలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మొదటి సీను చదువుతున్నాను. అన్నదమ్ములు విడిపోయే ఘట్టం. మంచి డైలాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళలోంచి ఒక తల లేచింది. మెల్లగా మెట్టు రాయి మీదికి పాకింది. మూడడుగుల పాము. శేషారత్నం గారు కెవ్వుమన్నారు. పాము బెదిరి తల ఎత్తి మెడ వెడల్పు చేసింది.

"పడగ! నాగేంద్రుడండీ!" అని ఆవిడ చేతులు జోడించారు.

వీరరాఘవయ్య గారు లేచి చెప్పులు విడిచారు. పాము నీళ్ళలోకి జారిపోయేదాకా కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగి, "ఈ సీను ఓకే," అన్నారు.

అది నాగుపాము కాదు. నీరుకట్టె. పచ్చ కలిసిన గోధుమరంగు ఒంటిమీద చదరంగం బల్లలాంటి నల్ల గళ్ళు, కంటి కింద రెండు ఏటవాలు నల్లగీతలు. కళ్ళూ ముక్కురంధ్రాలూ తల పైభాగానికి జరిగి ఉంటాయి. ఒళ్ళంతా నీళ్ళలో ముంచుకుని, ఆ కాస్త పైకి పెట్టి లోకాన్ని చూస్తుంది. విషం లేదు. భయపడితే మెడ చదును చేసి నాగుపాములా నటిస్తుంది. అంతకుమించి దానికి ఆయుధం లేదు, కోపమొస్తే కరవడం తప్ప. ఆరేళ్ళు ఇదే పాఠం చెప్పాను.

చెబుదామనే నోరు తెరిచాను. అంతలో సీను ఓకే అన్నారు. ఓకే అన్నాక రచయిత నోరు మూసుకోవాలి.

10 ఏప్రిల్

వీరరాఘవయ్య గారి కొత్త సెంటిమెంటు: ఇక ప్రతి సీనూ కొలను దగ్గరే చదవాలి. స్వామి దర్శనమిస్తే ఓకే. ఇవ్వకపోతే మళ్ళీ రాయాలి.

ఇందులో వింతేమీ లేదు. నిమ్మకాయ దొర్లించి హీరోయిన్ని ఖాయం చేసిన ప్రొడ్యూసర్ దగ్గర నేను పనిచేశాను. ఆ నిమ్మకాయ కంటే ఈ పాముకి కథ బాగా తెలుసు.

13 ఏప్రిల్

వెంకటరామయ్య గారు పదకొండున్నరకి వస్తారు. ఆయన సొంతంగా రాసిన రెండు సీన్లు చదివారు. స్వామి రాలేదు. రెండూ పోయాయి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తుడుచుకున్నారు.

ఎలా వస్తుంది? పాము ఒంటికి సొంత వేడి లేదు. పొద్దున్నే రాయి మీదికి వచ్చి ఎండ కాగాలి. ఎనిమిదిన్నర నుంచి పది దాకా దాని సమయం. పదకొండున్నరకి రాయి పెనంలా కాలుతుంది. అప్పటికి అది బండ కింద నీడలో ఉంటుంది.

నేను మాత్రం తొమ్మిదింటికే చదువుతాను. పొద్దున మెదడు చురుగ్గా ఉంటుంది కదా, అందుకు.

17 ఏప్రిల్

ఈ రోజు తొమ్మిదింటికి రాలేదు. హీరో చెల్లెలి పెళ్ళి సీను పోయేలా ఉంది. కాఫీ తాగివచ్చి చదువుతానని చెప్పి పక్కకి వచ్చాను.

వాచ్‌మన్ పోచయ్య బీడీ తాగుతూ నవ్వుతున్నాడు. అరవై దాటిన మనిషి. దుర్గం చెరువులో వల వేసిన చేతులు.

"గది నీళ్ళపాము సారూ. గా పెద్దమ్మ దండాలు పెడ్తుంటే నాకు నవ్వాగుత లేదు," అన్నాడు.

"ఎవరితోనైనా అన్నావా?"

"నాకేంది జరూరత్? మీరు సదువుకున్నోళ్ళు, మీరే అంటలేరు."

అతని దగ్గర డబ్బాలో చిన్న చేపలున్నాయి, రాత్రి కూరకి. రెండు అడిగాను. పోచయ్య బీడీ పారేసి నన్ను ఎగాదిగా చూశాడు.

"మస్తు దిమాక్ ఉంది సారూ మీకు," అన్నాడు.

మెట్టు పక్కన లోతులేని నీళ్ళలో చేపలు వదిలి చదవడం మొదలుపెట్టాను. నీరుకట్టె నాలుక బయటికి ఆడించి వాసన పట్టుకుంటుంది. పెళ్ళికూతురు తాళి కట్టించుకునే లోపల వచ్చేసింది. ఓకే.

18 ఏప్రిల్

ఇది మోసం కాదు. ఆకలితో ఉన్న ప్రాణికి తిండి పెట్టడం.

26 ఏప్రిల్

పదకొండు సీన్లు ఓకే. అన్నీ నావే.

కొత్త చిక్కు శేషారత్నం గారి పాలు. మొన్నటిదాకా రోజూ చెంబుడు పాలు కొలనులో పోశారు. నీళ్ళు తెల్లబడి కంపు కొడుతున్నాయి. చేపపిల్లలు తేలుతున్నాయి. పాములు పాలు తాగవు, చేపలు తింటాయి, చేపలు బతకాలంటే నీళ్ళు బాగుండాలి. ఈ మూడు వాక్యాలూ చెబితే నా సినిమా పోతుంది. అందుకని నాలుగు రోజుల కింద, "నీళ్ళలో కలిస్తే ఎంగిలి అవుతుందేమోనండీ, గిన్నెలో పోసి బండ వెనక పెడితే స్వామి ఏకాంతంగా తీసుకుంటారు," అన్నాను.

"చదువుకున్నవాడివి, ఎంత భక్తయ్యా నీకు!" అన్నారావిడ. తెల్లారేసరికి గిన్నె ఖాళీ. పోచయ్య టీ ఈ మధ్య చిక్కగా ఉంటోంది.

3 మే

"ఎలా సాగుతోందండీ?" అని లీల అడిగింది.

"రాసిన ప్రతి సీనూ ఓకే అవుతోంది."

"ఎందుకని?"

"బాగుండి."

ఆమె అన్నం వడ్డిస్తూ ఆగి నా మొహం చూసింది. ఆరు సినిమాల్లో ఎప్పుడూ ఇలా జరగలేదని ఆమెకీ తెలుసు. నిజానికి సీన్లు బాగున్నాయి. పాము లేకపోయినా ఓకే అయ్యేవి. తప్పకుండా అయ్యేవి.

14 మే

వెంకటరామయ్య గారు ఇవాళ ఎనిమిదింటికే వచ్చారు. నా సమయం కనిపెట్టారు. తలంటుకుని, పట్టు పంచె కట్టుకుని వచ్చారు.

వస్తారని నాకు నిన్ననే తెలుసు. ఆయన్ని తీసుకొచ్చే కారు డ్రైవరు చెప్పాడు. నిన్న సాయంత్రం పోచయ్యా నేనూ దానికి నాలుగు చేపలూ ఒక లావుపాటి కప్పా పెట్టాం. కడుపు నిండితే నీరుకట్టె రెండు రోజులు ఎక్కడో దాక్కుని అరిగించుకుంటుంది.

ఆయన చదివిన సీను: ఉద్యోగం పోయిన తండ్రి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ టిఫిన్ బాక్సు పట్టుకుని పార్కులో కూర్చుని సాయంత్రం ఇంటికి వస్తాడు. ఒకరోజు కూతురు ఆ బాక్సులో రెండు చెంచాలు పెడుతుంది. ఆమెకి తెలుసన్నమాట, పార్కులో పక్కన కూర్చుని తనూ తింటుందన్నమాట. నేనెప్పుడూ అలాంటిది రాయలేదు.

పాము రాలేదు. ఆయన ముప్పావుగంట నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు. వీరరాఘవయ్య గారు తల వంచుకుని, "ఏం చేద్దాం గురువుగారూ, స్వామి చిత్తం," అన్నారు.

వెళ్ళేటప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "ఏం పాపం చేశానో త్రినాథం, నన్ను చూస్తే రావడం లేదు," అన్నారు.

15 మే

ఏమీ రాయలేదు.

27 మే

క్లైమాక్సు పూర్తయింది. భర్త తిరిగి వస్తాడు. భార్య అన్నం పెడుతుంది. క్షమించదు. కాళ్ళమీద పడదు, ఏడవదు, పళ్ళెం తీసి కడిగి డ్యూటీకి వెళ్ళిపోతుంది. నేను రాసినవాటిలో ఇది మంచిది.

రేపు చేపలు వద్దని పోచయ్యకి చెప్పాను. ఈ ఒక్క సీనూ తనంతట తాను నెగ్గాలి.

"పిచ్చి లేసిందా సారూ?" అన్నాడు.

28 మే

రాలేదు.

చదువుతుంటే వీరరాఘవయ్య గారు కళ్ళు తుడుచుకున్నారు. శేషారత్నం గారు ముక్కు చీదారు. తర్వాత అందరూ నీళ్ళవైపు చూశారు. ఒక్క తామరాకు కూడా కదల్లేదు. "రేపు చూద్దాం," అని లేచారు.

అందరూ వెళ్ళాక బండ సందులో వెతికాను. ఉంది. కళ్ళు నీలం కలిసిన తెలుపుగా, పాలు పోసినట్టున్నాయి. కుబుసం విడవబోతోంది. పాతచర్మం కంటిమీద పొరలా లేస్తుంది, చూపు మసకబారుతుంది, కదలదు, తినదు. వారం పది రోజులు ఇంతే. చేపలు వేసినా వచ్చేది కాదు. అది తెలిసి కొంచెం శాంతించాను. దానికి నా సీను నచ్చక కాదు.

29 మే

ఇంటికి దింపుతానని వీరరాఘవయ్య గారు నన్ను కారెక్కించుకున్నారు. చెక్‌పోస్టు దాటాక డ్రైవర్ని ఆపమని, సిగరెట్లు తెమ్మని పంపించారు. ఆయన సిగరెట్ తాగరు.

"నిన్న చేపలెందుకు వెయ్యలేదయ్యా?"

నేను కిటికీ అద్దం దించే పిడి తిప్పాను.

"మాది కొల్లేటి లంక. నీరుకట్టెల మధ్య పుట్టాను. వల ఎత్తితే చేపలకంటే ఇవే ఎక్కువ ఉండేవి. చేత్తో తీసి అవతల పారేసేవాళ్ళం. నాకు పడగ చూపించి నాగుపామంటే నమ్ముతానా?"

"మరి చెప్పులు విడిచారు కదండీ."

"చూడు త్రినాథం. మద్రాసులో నాకు దిక్కూ మొక్కూ లేనప్పుడు ఆ వెంకటరామయ్య గారే పిలిచి కథ ఇచ్చాడు. ఇప్పుడాయన సీన్లు పాతబడ్డాయి. మొహమ్మీద కాదని ఎలా అనను? నేనంటే గుండె పగిలి చస్తాడు. పాము కాదంటే ఎవర్ని తిడతాడు? ఆరోజు అది మెట్టెక్కగానే నాకు తోచింది." డ్రైవరు వస్తున్నాడేమో చూసి, "మా ఆవిడ నిజంగానే నమ్ముతుంది. నమ్మనీ," అన్నారు.

"క్లైమాక్సు..."

"బంగారంలా ఉంది. కాని పాము రాకుండా నీదొక్కటీ ఓకే చేస్తే ఆయనకి అనుమానం రాదూ? ఇంత తెలివున్నవాడివి, అసలు రోజున నిజాయితీ ఏంటయ్యా నీకు?"

ప్రొడ్యూసర్లు నన్ను చాలాసార్లు తిట్టారు. నిజాయితీకి తిట్టడం ఇదే మొదలు.

30 మే

యాభై రోజులుగా వీళ్ళందర్నీ నేను ఆడిస్తున్నానని రాసుకున్నాను. ఆ పేజీలు చింపేద్దామనుకున్నాను. కాని చేతిరాత బాగుంది.

5 జూన్

ఇంకా పది రోజులు. ఈసారి సూటిగా అడిగేశాను. "మాటలు అని నా పేరు వేయిస్తారా?"

వీరరాఘవయ్య గారు లేచి తలుపు దగ్గరగా వేశారు. "న్యాయమే. కాని 'మీ పేరు తీసేస్తున్నాను' అని ఆయనతో నేననలేను. పామునే అడుగుదాం."

పథకం ఆయనదే. షూటింగుకి ముందే స్వామి ఆశీస్సులకని పదమూడున టైటిల్ కార్డుల లిస్టు కొలను దగ్గర చదివిస్తారు. 'మాటలు: వెంకటరామయ్య' అన్నప్పుడు పాము రాదు. 'మాటలు: త్రినాథరావు' అన్నప్పుడు పొద చాటునుంచి పోచయ్య చేపలు వదులుతాడు. "అప్పుడు ఆయనే సరే అంటాడు," అన్నారు.

ఇది మోసం కాదు. రాసింది నేనే.

9 జూన్

బండమీద కుబుసం దొరికింది. తలనుంచి తోకదాకా చిరగకుండా లోపలిది బయటికి తిరగబడి ఉంది. ఒక్కో పొలుసు మధ్యన గీత, వేలికి గరుగ్గా తగులుతుంది. కంటిమీది పొర కూడా దానితోనే వచ్చింది. శేషారత్నం గారు పసుపు రాసి పూజగదిలో పెట్టుకున్నారు.

ఆకలిగా ఉంది దానికి. క్లైమాక్సు మళ్ళీ చదివాను, చేపలతో. రెండో వాక్యానికే వచ్చింది. ఓకే.

11 జూన్

తొలకరి. రాత్రంతా కొలనులో కప్పల గోల అట. పోచయ్య కునుకు తియ్యలేదని తిట్టుకున్నాడు.

13 జూన్

లీల పడుకున్నాక రాస్తున్నాను.

అందరం కొలను దగ్గర కూర్చున్నాం. వెంకటరామయ్య గారు మెట్టుకి దగ్గరగా, గొడుగు పక్కన పెట్టుకుని. మేనేజరు చదవడం మొదలుపెట్టాడు. నటీనటులు, పాటలు, సంగీతం. పొద చాటున పోచయ్య డబ్బాతో సిద్ధం. "మాటలు: వెంకటరామయ్య," అన్నాడు మేనేజరు.

తడి మెట్టుమీద ఒక కప్ప గెంతింది. దాని వెనకే నీరుకట్టె.

నా పని అయిపోయిందనుకున్నాను. కప్పల కాలంలో దానికి నా చేపలెందుకు? ఆ సంగతి నాకు తట్టలేదు, ఆరేళ్ళు పాఠం చెప్పినవాడికి. వీరరాఘవయ్య గారి మొహం పాలిపోయింది. కప్ప వెంకటరామయ్య గారి కుర్చీ కిందికి దూరింది. పామూ అటే తిరిగింది. ఆయన కంగారుగా కాలు లాక్కుంటే గొడుగు దానిమీద పడింది. వెనక్కి పోవడానికి గొడుగు అడ్డం, ముందుకి పోవడానికి ఆయన కాళ్ళు. అది తల ఎత్తి, మెడ చదునుగా విప్పి, ఆయన మోకాళ్ళకెదురుగా బుస్సుమంది. నాగుపాము కూడా అంత శ్రద్ధగా పడగ విప్పదు.

ఆయన కదల్లేదు. పెదవులు మాత్రం ఆడుతున్నాయి. అరనిమిషం తర్వాత గొడుగు మీంచి జారి నీళ్ళలోకి పోయింది.

"రెండు నెలలు నా ఒక్క సీనుకీ రాలేదు," అన్నారు మెల్లగా. "నా పేరు చదవగానే పడగెత్తుకుని వచ్చింది. నాకర్థమైంది వీరరాఘవయ్యా. ఆ పేరు కొట్టేయించు. రాసినవాడి పేరు వేయించు." నా వైపు చూపించి లేచి వెళ్ళిపోయారు. గొడుగు మరిచిపోయారు.

నా పేరు టైటిల్స్ రాసే ఆర్టిస్టు దగ్గరికి సాయంత్రమే వెళ్ళింది. లీలకి చెబితే నమ్మలేదు. రెండోసారి చెప్పాక కూర్చుండిపోయి ఏడ్చింది. నేను కూడా సంతోషంగానే ఉన్నాను. చాలా సంతోషంగా ఉన్నాను.

14 జూన్

గొడుగు ఇచ్చే వంకతో మోతీనగర్‌లో వెంకటరామయ్య గారి ఇంటికి వెళ్ళాను.

సంచి సర్దుకుంటున్నారు. కాళహస్తికట. కలాలన్నీ ఒక రబ్బరు బ్యాండు వేసి కట్టి, రైటింగ్ ప్యాడ్‌తో కలిపి నా చేతిలో పెట్టారు.

"ఇక రాయను త్రినాథం. ఎవరెవరి రాతలకో నా పేరు పెట్టుకున్నాను. ఆ దోషమే. పడగ నా కళ్ళముందు ఇంత దూరంలో ఉంది," అని అరచెయ్యి చూపించారు.

నేను ఊరుకోవచ్చు. నా పేరు ఖాయమైపోయింది. రేపటితో కాకినాడ గడువు కూడా తీరిపోతుంది. ఊరుకుందామనే కలాలు తీసుకుని గుమ్మందాకా వచ్చాను. ఎనభై సినిమాల మనిషి, పామంటే భయంతో రాయడం మానేస్తాడా? నావల్ల కాలేదు. వెనక్కి వెళ్ళి చెప్పేశాను. నీరుకట్టె అని చెప్పాను. భయపడితే మెడ చదును చేస్తుందని, అది పడగ కాదని, విషం చుక్క కూడా లేదని. చేపల సంగతి, ముందురోజు సాయంత్రం దాని కడుపు నింపిన సంగతి కూడా. వీరరాఘవయ్య గారి సంగతి మాత్రం చెప్పలేదు.

ఆయన మంచమ్మీద కూర్చున్నారు. కొడతారనుకున్నాను.

"ఆ రెండు చెంచాల సీను..."

"చాలా బాగుందండీ. ఆరోజే నాకు ఏడుపొచ్చింది. పాముకి కడుపు నిండి రాలేదు."

"కడుపు నిండి," అన్నారు. ఆయన పొట్ట ముందు కదిలింది, తర్వాత నవ్వు బయటికి వచ్చింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. అందులో అంతా నవ్వే కాదు. "దుర్మార్గుడా. తలంటుకుని వచ్చాను కదరా!"

"మీ పేరు మళ్ళీ వేయించమని చెబుతానండీ."

"వద్దు. పాము అబద్ధమైనా రాసింది నువ్వేగా. పేరు నీదే ఉండనీ. ఆ చెంచాల సీను మాత్రం సినిమాలో పెట్టించు. ఎలా పెట్టిస్తావో నీ తిప్పలు నువ్వు పడు." నా చేతిలోంచి కలాలు లాక్కున్నారు. ఒకటి తీసి మూత విప్పి, రాస్తోందా లేదా అని కాగితం మీద గీసి చూసుకున్నారు.

గేటుదాకా వచ్చారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఈ సంగతి వీరరాఘవయ్యతో అనకు. పాపం, దేవుడనుకుని మొక్కుతున్నాడు. తెలిస్తే తట్టుకోలేడు."

"అననండీ," అన్నాను.

బస్సులో నవ్వు ఆగలేదు. పక్కసీటాయన లేచి ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.